చుక్కమ్మ అడుగుల పుస్తకం

చెరకు తోట అంచున బెల్లం వండే కళ్ళం ఒకటుంది. పెద్ద పెనం, దాని కింద పొయ్యి, పొయ్యి ముందు బూడిద, ఆ పక్కన ఎండిన చెరకు పిప్పి గుట్ట. గానుగ తిప్పే ఎద్దు మైలన్న, కాలవలో ఈదే బాతక్క, గూట్లో ఉండే చుక్కల పెట్ట చుక్కమ్మ అక్కడివాళ్ళే. తోట లోపల జంబయ్య అనే నక్క ఉండేవాడు. వాడు ఎవరికీ కావలసినవాడు కాదు గానీ అందరి గూళ్ళూ వాడికి తెలుసు.

చుక్కమ్మకి కోపం ఎక్కువ. ఉండాల్సిన కోపమే. కిందటి బెల్లం వంటలప్పుడు దాని పిల్లలు సాయంత్రం మేసి గూటికొస్తున్నాయి. బూడిదలో పిప్పి గుట్ట వెనక్కి వెళ్ళిన అడుగులున్నాయి, తిరిగొచ్చిన అడుగులు లేవు. ఆ అడుగులెవరివో పిల్లలకి తెలీదు. గుట్ట పక్కనించే నడిచాయి. ఒక్కటీ గూటికి చేరలేదు.

నిజానికి చుక్కమ్మకి చిన్నప్పట్నించీ అడుగుల పిచ్చి. మిగతా కోళ్ళు పురుగుల కోసం నేల చూస్తే అది అడుగుల కోసం చూసేది. "అడుగులు తింటే కడుపు నిండుతుందటే?" అని బాతక్క వెక్కిరించేది. అంత తెలిసీ కన్నపిల్లలకి చెప్పలేకపోయానన్న మంట చుక్కమ్మని నిలబడనిచ్చేది కాదు.

అందుకే మళ్ళీ పిల్లల్ని పొదగ్గానే వాటికో పుస్తకం చేస్తానంది. చేస్తానని ఏం మొదలెట్టిందనుకున్నారు? రాజహంసల కథ! బంగారు మేడ, ముత్యాల మేత. పిల్లలు వరసగా ఆవలించాయి.

"హంసని ఎప్పుడైనా చూశావా అమ్మాయ్?" అన్నాడు మైలన్న.

"లేదు."

"మరి దాని గొడవ నీకెందుకు? పొద్దస్తమానం దేన్ని చూస్తూ కూర్చుంటావో అది చెప్పు. నీకు ఆవలింత రానిది వాళ్ళకీ రాదు."

చుక్కమ్మ రాజహంసల్ని కాలవలో పారేసింది. పెనం అడుగున మసి గీకి బెల్లపు మడ్డిలో కలిపితే చిక్కటి నల్ల రంగు తయారైంది. టేకాకులు పరిచింది. మైలన్న గిట్ట అద్దాడు. బాతక్క వెక్కిరిస్తూనే పాదం అద్దింది. పిల్లీ, ఉడతా అద్దాయి. పుస్తకంలో మాటల్లేవు. అడుగు చూపించి కథ తల్లే చెప్పాలి. పిల్లలు మేత మరిచిపోయి చూశాయి.

ఆఖరి ఆకు మాత్రం ఖాళీ.

"ఇదెవరికమ్మా?" అంది అందరికంటే బుల్లి పిల్ల.

"మీ అన్నల్ని తిన్నవాడికి."

వాడి అడుగులు వానకి కొట్టుకుపోయాయి. ముక్కుతో గీద్దామంటే కుక్క అడుగులా వచ్చేది. కుక్కని చూసి పారిపోయే పిల్ల నక్కని చూసి నిలబడుతుంది. అలాంటి పుస్తకం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇంతలో చుట్టుపక్కల కళ్ళాల పెట్టలు "మాకూ ఒకటి చెయ్యి" అని కబురు పెట్టాయి. చుక్కమ్మ ఆకులు కోసి, అందరిచేతా అడుగులేయించి, తుమ్మముళ్ళతో కుట్టి పుస్తకాలు పేర్చింది. ఆ వార్త జంబయ్య చెవిన పడింది. మర్నాడు పట్టపగలే కంచె అవతల నిలబడి దణ్ణం పెట్టాడు. నక్క వినయం అంటారే, అదీ.

"చెల్లెమ్మా, పుస్తకం బ్రహ్మాండమట! గూడుగూడుకీ నేనే స్వయంగా చేరుస్తాను. నాకు తెలీని గూడు లేదు."

"ఆ సంగతి నాకు తెలుసు." చుక్కమ్మ మెడ మీద ఈకలు లేచాయి.

"నక్క తోక తొక్కావే చుక్కా, ఒప్పేసుకో!" అని బాతక్క చెవి కొరికింది.

"కాకపోతే ఒక్క మాట," అన్నాడు జంబయ్య. "ఆఖరాకులో నన్నేదో తిట్టబోతున్నావట. పసివాళ్ళు జడుసుకోరూ? పిల్లల పుస్తకమంటే తియ్యగా ఉండాలి. భయం తీసెయ్యి. తాయిలం తెచ్చే జంబు మామ అని పెట్టు."

చుక్కమ్మ ఒళ్ళు భగ్గుమంది.

"పసివాళ్ళు జడుసుకుంటారా? నా పిల్లల్ని ఎముక మిగల్చకుండా నమిలిన రోజు వాళ్ళు పసివాళ్ళని తెలీలేదా? తిన్న నోటితోనే నాకు పిల్లల పుస్తకం నేర్పుతావట్రా?"

మైలన్న కొమ్ములు దించాడు. జంబయ్య కాస్త వెనక్కి తగ్గి, "ఇంత కోపం రచయితలకి పనికిరాదమ్మా. నా సాయం లేకపోతే నీ పుస్తకం ఈ కళ్ళం దాటదు," అన్నాడు.

చుక్కమ్మ చూపు వాడి కాళ్ళ మీద పడింది. పిచ్చి అలాంటిది మరి. ఎంత కోపంలో ఉన్నా అది ముందు కాళ్ళే చూస్తుంది.

"సరే," అంది మాట కొరికినట్టు. "మీ మీద చెడ్డమాట ఒక్కటీ రాయను. కానీ ఇందులో ఉన్నవాళ్ళంతా అడుగేశారు. ఊరూరా తిప్పే పెద్దమనిషి అడుగు లేకపోతే ఏం బాగుంటుంది? ఆఖరాకు మీకోసమే ఖాళీగా ఉంచాను. అన్నిట్లోకీ పెద్దాకు అదే."

జంబయ్య ఛాతీ ఉబ్బింది. కంచె సందులోంచి కాళ్ళు చాపి, మడ్డిలో ముంచి, ఒక్క పుస్తకం వదలకుండా అద్దాడు.

"బాగా పడిందా? గోళ్ళు కనబడుతున్నాయా?"

"కనబడాలి మరి. ఇంకాస్త గట్టిగా నొక్కండి."

ఆ పుస్తకాల్ని వాడే వీపున మోసి పంచాడు. పెట్టలు అటకల మీంచి చూశాయి. ఆఖరి అడుగు ఎవరిదో వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గడపలో పుస్తకం పెట్టి వెళ్ళినవాడి కాళ్ళకి మడ్డి ఇంకా ఆరనే లేదు. ప్రతి తల్లీ తను పోగొట్టుకున్న పిల్లల్ని తలుచుకుని మరీ ఆ ఆకు కథ చెప్పింది.

మర్నాటి సాయంత్రం జంబయ్య బూడిద మీదుగా నడిచి పిప్పి గుట్ట వెనక మాటు వేశాడు. జంబు మామ కథ విన్న పిల్లలు తమంతట తామే వస్తాయని వాడి ధీమా. బుల్లి పిల్ల అందరికంటే ముందొచ్చింది. బూడిద దగ్గర టక్కున ఆగి తల వంచి చూసింది. వెనకవాళ్ళు తోస్తున్నా కదల్లేదు.

"ఆఖరాకు! ఆఖరాకు! ఇటు వెళ్ళాడు, తిరిగి రాలేదు!"

పిల్లలన్నీ పరిగెత్తి మైలన్న కాళ్ళ మధ్య దూరాయి. మైలన్న ఒక్క కుమ్ముతో గుట్టని ఎగరగొట్టాడు. కింద దొర్లిన జంబయ్య లేవబోతే లేవనిస్తేగా! మడ్డి అంటిన కాళ్ళకి ఎర్రచీమలు మోకాళ్ళ దాకా పట్టాయి.

"మోసం! చెడ్డమాట రాయనన్నావు కదే!" అని కుంటుతూ మూలిగాడు.

"రాశానా? ఒక్క మాట రాయలేదు. పడింది నీ అడుగే, పంచింది నువ్వే. పోరా!"

పక్క కళ్ళానికి పోతే అక్కడా "ఆఖరాకు!" అని కేకలే. ఆ పై కళ్ళంలోనూ అంతే. తోట చుట్టూ వాడికి మేత పుట్టలేదు. ఒకనాడు ఏటి అవతలికి పోయాడు.

"ఇప్పటికైనా కోపం చల్లారిందా?" అంది బాతక్క.

"ఎందుకు చల్లారాలి?" అంటూ చుక్కమ్మ మళ్ళీ మసి కలపడం మొదలెట్టింది. "ఇంకా పాము ఉంది."

నీతి: పిల్లల పుస్తకంలోంచి నక్కని తీసెయ్యమని ఎవరైనా అంటే, ముందు ఆ అన్నవాడి కాళ్ళు చూడండి.