అసిరమ్మ బొంత చెవి

అనగా అనగా, ఈ ఏరు ఇప్పటికన్నా వెడల్పుగా పారే రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒక బొంతలు కుట్టే మనిషి. మొగుడు లేడు. ఒక్కతే కూతురు, పైడమ్మ.

పైడమ్మ పసిపిల్లప్పుడు చేతిలో ఏదో ఒకటి పట్టుకుంటేగాని నిద్రపోయేది కాదు. అమ్మ కొంగు పట్టుకుంటే అమ్మకు పని సాగదు. అందుకని అసిరమ్మ బొంత మూలన అరచేతంత గుడ్డ మడిచి, ఎర్రదారంతో కుట్టి, కుక్కపిల్ల చెవిలా వేలాడేట్టు వదిలింది.

"ఇదిగో, ఇది అమ్మ సెవి. పట్టుకో. నువ్వు పిలిస్తే ఇంటాది" అంది.

పిల్ల చెవి పట్టుకుంది. నిద్రపోయింది.

పిల్ల పెద్దదైంది. ఉప్పుబండ్లు తోలుకొచ్చిన ఒక కుర్రాడి మీద మనసు పడింది. వాడికి ఊరు లేదు, ఇల్లు లేదు, ఏడాది పొడుగునా దారే. అసిరమ్మ వద్దంది. పైడమ్మ వింటేనా? బండెక్కేసింది.

అసిరమ్మ గుమ్మంలో నిలబడి అరిచింది. "పో! నేను పిలిచేదాకా నా గడప తొక్కావంటే ఒట్టే!"

కోపం దొంగలాంటిది. వచ్చి పోయాకగాని ఇంట్లో ఏం పోయిందో తెలియదు. అసిరమ్మకు పొద్దుగూకక ముందే తెలిసింది. అప్పటికే బండ్లు ఏరు దాటాయి. ఆ బండ్లు మళ్ళీ ఆ దారిన రాలేదు. పైడమ్మది మాటంటే మాటే, తల్లి పెంపకం అలాంటిది. పిలవందే రాదు. పిలుద్దామంటే ఎక్కడుందో తెలియదు.

అప్పుడు అసిరమ్మ అనుకుంది: "నా గొంతు ఏరు దాటదు. నా బొంతలు దాటతాయి."

ఆనాటి నుంచి కుట్టిన ప్రతి బొంతకూ మూలన చెవి పెట్టింది. సూది గుచ్చేది, దారం లాగేది, దారి చూసేది.

పాతచీరలు కొనడానికి సంతకు పోయేది. చీరను ఎండకేసి పట్టి చూసేది. చెంపకు రాసుకుని చూసేది. గట్టిగా లాగి చూసేది.

"కొత్తది తీసుకో పిన్నీ, మెరుస్తాది" అనేవాడు బట్టలవాడు.

"మెరుపు కప్పుకుంటే సలి ఆగుతాదేట్రా? ఉతుకులకి ఓర్సిన గుడ్డే మనిషికి ఎచ్చన" అనేది అసిరమ్మ.

బేరం అయ్యాక వెంటనే ఇంటికి పోయేది కాదు. సంతకొచ్చిన ఆడవాళ్ళ మొహాలు చూసేది. అమ్మవారి పండక్కి పోతే అక్కడా మొహాలే చూసేది. రేవుకు పోతే పడవ దిగేవాళ్ళ మొహాలు చూసేది. ఇంటికొచ్చి మళ్ళీ సూది గుచ్చేది, దారం లాగేది, దారి చూసేది.

ఆమె బొంతల్ని అవతలి ఒడ్డున అమ్మేవాడు గవరయ్య సెట్టి.

"ఏటే అసిరమ్మా, బొంతకి సెవులేటి? రేపు ముక్కూ మూతీ కూడా పెడతావేటి?" అని నవ్వేవాడు.

"నీకెందుకు సెట్టిబావూ? కుట్టడం నా పని, అమ్మడం నీ పని" అనేది. అంతకన్నా చెప్పేది కాదు.

ఏళ్ళు గడిచాయి. పైడమ్మ రాలేదు.

ఒకనాడు సెట్టి తన బండి ఇరుసుకు కందెన రాస్తున్నాడు. చేతిలో జిడ్డోడే గుడ్డముక్క. దాని అంచుకు ఎర్రదారం. అసిరమ్మ చూసింది. పక్కనే గోతంలో అలాంటి ముక్కలే సగం దాకా ఉన్నాయి.

"సెట్టిబావూ, ఇవేటి?"

"నీ సెవులేనే. అవతలోళ్ళు బొంత సిరిగిందనుకుంటున్నారు. అందుకే కోసేసి అమ్ముతున్నాను. తప్పేటి?"

అసిరమ్మ ఆ మట్టిలోనే కూలబడింది. "అవి నా కూతురికి పిలుపులు బావూ. ఇన్నేళ్ళూ దాన్ని పిలుస్తున్నాననుకున్నాను."

సెట్టి చెడ్డవాడు కాదు. తనకు అర్థం కానిదాన్ని అక్కర్లేనిదనుకున్నాడు. లోకంలో సగం పాపం అలాగే జరుగుతుంది. తలొంచుకుని, "నాకెందుకు సెప్పలేదే?" అన్నాడు.

"నువ్వడిగితే నీకెందుకన్నాను. నా తప్పూ ఉంది" అంది అసిరమ్మ.

ఆ ఏడాది బొంతలు చెవులతోనే ఏరు దాటాయి.

వానలు పట్టాయి. ఏరు పొంగింది. పడవలు ఆగిపోయాయి. ఒక సాయంత్రం పొరుగింటి నూకాలు పరుగెత్తుకొచ్చింది.

"అప్పా! అవతలి ఒడ్డున ఎవరో ఆడమనిషి బొంత ఎత్తి ఊపుతోందే!"

అసిరమ్మ జ్వరంతో పడుకునుంది. కప్పుకున్న బొంతతోనే లేచి వానలోకి నడిచింది. నూకాలు ఆపితే ఆగలేదు. అవతలి మనిషి వేలెడంత కనబడింది. మొహం తెలియలేదు.

"వచ్చీయే తల్లీ!" అని అరిచింది. వరద హోరులో ఆ పిలుపు తనకే వినబడలేదు. అప్పుడు బొంతను చెవి పట్టుకుని పైకెత్తింది. ఊపింది. అవతల బొంత ఊగింది. ఇవతల బొంత ఊగింది. మళ్ళీ అవతల ఊగింది. చూపు ఆనినంతసేపూ అంతే.

వరద తీయకముందే అసిరమ్మ కన్నుమూసింది.

పడవ నడిచిన మొదటిరోజే పైడమ్మ దిగింది. జుట్టు నెరిసింది. చంకలో సెట్టి చెవితో అమ్మిన బొంత ఉంది. ఇంటిదాకా వచ్చి గడప బయటే ఆగింది.

"అమ్మా, పిలిచావా?"

పొరుగింటి నుంచి వచ్చిన నూకాలు కళ్ళు తుడుచుకుంది. "పిలిసిందే అమ్మా. ఊపిరున్నంతకాలం పిలిసింది. లోపలికి రా."

పైడమ్మ గడప దాటింది. గోడవార అమ్మ సగంలో వదిలిన బొంత ఉంది. సూది దానికే గుచ్చి ఉంది. బొంత సగమేగాని, మూలన చెవి మాత్రం పూర్తయింది. అసిరమ్మ ఎప్పుడూ చెవే ముందు కుట్టేది.

పైడమ్మ ఆ చెవి పిడికిట్లో పట్టుకుంది. తర్వాత సూది అందుకుంది. గుచ్చింది. దారం లాగింది. దారి చూడ్డానికిక ఎవరూ లేరు.

ఇప్పటికీ ఆ ఏటివార ఊళ్ళలో బొంత మొదలెడితే ముందు చెవి కుడతారు. వరద తీసిన మర్నాడు, ఉతికినా ఉతక్కపోయినా, రేవులో బొంతలు అవతలి ఒడ్డు వైపు ఆరేస్తారు. ఏ తల్లయినా, ఏ తండ్రయినా బిడ్డ మీద కోపంతో గడప మాట ఎత్తితే, పక్కనున్న పెద్దవాళ్ళు చప్పున అడ్డుపడతారు:

"నోరు ముయ్యి. ఏరు పొంగుతాది. ముందు సెవి కుట్టు."