విరిగినచోట తడి

ఒక ప్రశ్న అడుగుతాను, చూపు తిప్పుకోకుండా చెప్పండి. నది నిండా పోసిన మందు గాయానికి చేరకపోతే, అది ఎవరి కోసం పోసినట్టు?

ఒక ఎముకలో తెల్లని నగరం ఉండేది. ఒకనాడు అది నడిమికి విరిగింది. పై వీధులు పైన, కింది వీధులు కింద, మధ్యలో అగాధం. అది పూడకపోతే కింది సగాన్ని కోసి పారేయడానికి రంపం వస్తుందని కబురందింది.

రాజు దగ్గర జీవరసం ఉంది. దాని చుక్క పడ్డచోటికి తాపీమేస్త్రీలు పరుగెత్తుకొచ్చి గోడ కడతారు.

"నగరమంతా పారే ఎర్రనదిలో పొయ్యండి, అదే చేరుతుంది" అన్నాడు మంత్రి.

కుండలకు కుండలు ఒంపారు. నది ఆ రసాన్ని విరగని వీధులన్నిటికీ మోసుకుపోయింది. అక్కడ మేస్త్రీలు ఆగకుండా కట్టారు. గుమ్మాలు ఇరుకయ్యాయి, కిటికీలు పూడిపోయాయి.

"రాజుగారి దయవల్ల మా ఇంట్లోంచి పక్కకి తిరిగితే తప్ప బయటికి రాలేకపోతున్నాను" అన్నాడొక లావుపాటి పెద్దాయన.

కుండలు మోసేవాళ్ళలో ఒకమ్మాయి ఉంది. ఆమె అక్క కింది సగంలో చిక్కుకుపోయింది.

"ఏమే, అంత ఒంపుతున్నారు కదా, ఇక్కడ నాలుక తడవడానిక్కూడా రాలేదేమే?" అని అక్క అవతలి అంచునుంచి కేకేసింది.

చెల్లికి కాలు నిలవలేదు. కుండతో విరిగిన అంచుకి పరుగెత్తి మొత్తం కుమ్మరించేసింది. మేస్త్రీలు వచ్చారు. తాపీ చేతిలోకి తీసుకునేలోపే రసం కొట్టుకుపోయింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు.

"అంతా ఒక్క గుక్కలోనే. చిన్నప్పుడు నువ్వు పాలు తాగినట్టే" అంది అక్క. రంపం చప్పుడు వినిపిస్తోంది. "కొంగు చింపవే. ఇంకో కుండ రసంలో నానబెట్టి ఒక కొస ఇటు విసురు."

చెల్లి చింపింది. మంత్రి అడ్డొచ్చాడు. "రాజుగారి రసం కదా. గుడ్డకి ఇత్తడి ముద్ర కుట్టించు."

"గోడ లేచేకొద్దీ నానిన నూలు కరిగిపోతుందండి, ఇత్తడి కరగదు" అంది చెల్లి. "రెండు గట్లూ కలవాల్సిన చోట మీరు అడ్డంగా మిగిలిపోతారు."

ముద్ర లేకుండానే కొంగు అగాధం మీదుగా వేలాడింది. ఒక కొస అక్క చేతిలో, ఒక కొస చెల్లి చేతిలో. చుక్క రాలింది. ఆగి, ఇంకో చుక్క. ఈసారి మేస్త్రీలు వెళ్ళలేదు. నేత సందుల్లోంచి గోడ పాకుతూ వచ్చింది. గోడ చిక్కనయ్యేకొద్దీ కొంగు పల్చనైంది. అక్కాచెల్లెళ్ళ చేతులు లాగేశాయి, అయినా వదల్లేదు.

రంపం వచ్చేసింది. అటూ ఇటూ చూసింది. "నన్ను కొయ్యమన్న చోటేది?"

ఎవరూ చూపించలేకపోయారు. అక్కాచెల్లెళ్ళ మధ్య నూలుపోగు కూడా లేదు. ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ఉన్నారు.

మంత్రి గోడమీదకి నడిచొచ్చాడు. "ఆ గుడ్డ ఇలా తెండి, సభలో పెట్టిస్తాను."

"దాని మీదే నిలబడ్డారు" అంది అక్క.

ఎగువన కుండలు ఇంకా నదిలో ఒంపుతూనే ఉన్నారు. వింటున్నవాళ్ళారా, మీ చేతుల్లోనూ కుండ ఉంది. నదిలో ఒంపకండి. చప్పట్లు తర్వాత కొట్టొచ్చు, ముందు లేవండి. మీ ఊళ్ళో విరిగిందెక్కడో వెతుక్కుంటూ వెళ్ళండి.