ఎనిమిది మంది రాజులు

నిర్మల్‌లో గంజీఫా అనే గుండ్రటి పేకముక్కలు చేసే భూమన్న దగ్గర లింబాద్రి ఏడేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. సొంతంగా పని పెట్టుకోవాలని అతని ఆశ. దానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. శిష్యుడు తన సొంత సామానుతో ఒక కట్ట చేసి తేవాలి. ఉస్తాద్ దానితో అతనితోనే ఒక ఆట ఆడతాడు. ఆట సాగితే సొంత పనికి సెలవు. సాగకపోతే మళ్లీ సుద్ద నూరుకోవాల్సిందే.

సొంత సామాను అంటే లింబాద్రి ఇంట్లో ఏముంది గనక? వాడంతా తిరిగి చిరిగిన ధోవతులు, పాత చీరలు అడుక్కొచ్చాడు. చింతగింజలు ఉడికించి జిగురు కాచాడు. గుడ్డను పొరలు పొరలుగా అతికించి, ఎండబెట్టి, గుండ్రంగా కోశాడు. రంగుకు పన్నెండు చొప్పున ఎనిమిది రంగులకు తొంభై ఆరు ముక్కలు.

రాజుల దగ్గరికొచ్చేసరికి అతనికి చేయి ఆడలేదు. రాజుకు పాత చీర పేలికలా! పెట్టె తెరిచి తన పెళ్లినాటి పట్టు కండువా తీశాడు. ఒక కొస కోసి ఎనిమిది మంది రాజులకూ పట్టు పొరలు వేశాడు. ముక్కలన్నిటికీ ముందు బొమ్మలు దిద్ది, వెనక లక్క పూశాడు. అది చూసి భార్య రెండు రోజులు మాట్లాడలేదు. లింబాద్రి మాత్రం మురిసిపోయాడు.

భూమన్న ముక్కలన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"మీసం మంచిగ దిద్దినవ్," అన్నాడు.

ఏడేళ్లలో ఆ నోట ఇంత మాట రావడం అదే మొదలు. లింబాద్రికి కాళ్లు నేల మీద నిలవలేదు.

భూమన్న ముక్కల్ని చాప మీద బోర్లించి కలిపాడు. భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు కట్టుకున్నాడు. బొటనవేలితో ఒక్కో ముక్కనూ కొంచెం వంచి వదులుతూ, ఎనిమిదింటిని పక్కన పెట్టాడు.

"తిప్పు," అన్నాడు.

లింబాద్రి తిప్పాడు. ఎనిమిదీ రాజులే.

"ఎనకంత ఒక్కటే లక్క పూసిన, ఉస్తాద్! జర గూడ తేడా లేదు!"

"నేను సూసిన్నా?"

భూమన్న తువ్వాలు విప్పి అతనికి ఇచ్చాడు. లింబాద్రి కళ్లకు కట్టుకుని ఒక ముక్కను వంచాడు. మెత్తగా వాలిపోయింది. మరొకటీ అంతే. మూడోది వేలికింద చటుక్కున నిటారుగా లేచింది. దాన్ని తిప్పి చూడాల్సిన పని లేకపోయింది.

లింబాద్రి తువ్వాలు విప్పేశాడు. ముక్కలు మూటగట్టుకుని ఇంటికి పోయాడు. అన్నిటినీ వేణ్నీళ్లలో నానేసి పొరలు ఊడదీశాడు. దిద్దిన మీసాలన్నీ నీళ్ల పాలయ్యాయి. మిగిలిన కండువాను ఈసారి మొత్తం కోసి, తొంభై ఆరు ముక్కలకూ సమంగా పట్టు పొర వేశాడు.

నెల దాటాక మళ్లీ వచ్చాడు. ఈసారి బొమ్మలు అంత సొగసుగా లేవు, మీసాలు మామూలుగానే ఉన్నాయి. భూమన్న బొమ్మల వంక చూడనే లేదు. ముక్కల్ని బోర్లించి కలిపి, కళ్లకు తువ్వాలు కట్టుకున్నాడు. బొటనవేలు చాలాసేపు తిరిగింది. ఒక్క ముక్కా పక్కకు రాలేదు.

తువ్వాలు విప్పాడు.

"రాజు యాడున్నడు?"

"నాకు గూడ తెల్వదు, ఉస్తాద్."

భూమన్న కాళ్లు సర్దుకుని కూర్చున్నాడు. కట్టను లింబాద్రి ముందుకు జరిపాడు.

"అయితే పంచు."