బోటు కూర్చునే చోటు

ఎల్లాజీకి ఒకటే బాధ. వేగం ఎనభై దాటగానే బోటు వాడి మాట వినేది కాదు.

కృష్ణ డ్యాము వెనక నీళ్ల మీదున్న మా రేవుకు ప్రాణరక్షణ పనికని కొత్తగా వచ్చిన బోటు అది. ఎక్కడో పైదేశాల్లో చేపలు పట్టే పోటీలకు వాడతారట. పొడుగ్గా, నీళ్లకు అంటుకుపోయినట్టు పల్లంగా ఉంటుంది. వెనక రెండొందల యాభై గుర్రాల ఇంజను. ఆ ఇంజను బాగోగులు చూసే మెకానిక్కుని నేనే. మొదటిసారి దాని మూత తీసినప్పుడు నాకే గుండె దడదడలాడింది. దీన్ని ఇరవై రెండేళ్ల కుర్రాడి చేతిలో పెట్టడమేంట్రా బాబూ అని మొత్తుకున్నాను. నా మాట ఎవడు వింటాడు?

గంటకు ఎనభై కిలోమీటర్లు దాటిందంటే బోటు ఊగడం మొదలెట్టేది. ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. ఎల్లాజీ స్టీరింగు తిప్పి ఆపబోతే ఇంకా ఎక్కువ ఊగేది. హడలిపోయి వేగం తగ్గించేవాడు. రేవులోకొచ్చాక స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దేవాడు.

వచ్చే సోమవారం వాడికి పరీక్ష. రేవు నుంచి అవతలి గట్టుకు పన్నెండు కిలోమీటర్లు, తొమ్మిది నిమిషాల్లో చేరాలి. చేరితే ఆ డ్రైవరు సీటు వాడిది, లేకపోతే ఇంకెవరిదో.

నేర్పే మనిషి దావూద్ సాయిబు. డెబ్బైకి దగ్గర పడ్డాడు. ముప్పై ఏళ్లు ఈ కృష్ణ నీళ్ల మీదే బోట్లు నడిపి రిటైరయ్యాడు. కొత్తవాళ్లకు నేర్పమని పిలిస్తే మళ్లీ వచ్చాడు. రోజుకు పది మాటలు మాట్లాడాడంటే ఆ రోజు మాకు పండగే. ఎల్లాజీ ఆయన్ని ఉస్తాదు అని పిలిచేవాడు.

"ఉస్తాదూ, నాకు ఇంకేం వద్దు. పూర్తి వేగంలో దీన్ని పట్టుకోవడం ఒక్కటి నేర్పించు" అన్నాడు ఒకరోజు. "మా అయ్యకు వచ్చినట్టు ఇంకెవరికీ లేటుగా బోటు రాకూడదు."

వాడి అయ్య నూకయ్య సంగతి రేవులో అందరికీ తెలిసిందే. విశాఖ వైపు నుంచి వలసొచ్చిన జాలర్లు అవతలి గట్టున గుడిసెలేసుకుని ఉంటారు. పుట్టిలో తిరిగి వలలేసుకుని బతుకుతారు. పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున పట్టా కట్టి తారు పూసింది, ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. పన్నెండేళ్ల కిందట గాలివానలో నూకయ్య నడినీళ్లలో చిక్కుకుపోయాడు. గట్టు మీద వాళ్లు ఫోను చేశారు, రేవు నుంచి బోటు వెళ్లింది. శవం మర్నాడు దొరికింది. బోటు లేటుగా వచ్చిందని గుడిసెల్లో అందరూ ఏడ్చారు. పదేళ్ల ఎల్లాజీ ఆ మాట పట్టుకునే పెరిగాడు.

దావూద్ సాయిబు నీళ్ల వైపు తిరిగాడు. తర్వాత "సరే" అన్నాడు.

మర్నాటి నుంచి పక్క సీట్లో కూర్చుని, స్టీరింగు మీదున్న ఎల్లాజీ చేతి మీద తన చెయ్యి పెట్టేవాడు. బోటు ఎనభై అందుకునేది. ఆయన చెయ్యి గోరంత కదిలేది. అంతే, బోటు తీగ లాగినట్టు నేరుగా పోయేది.

"ఊగాక కాదు," అన్నాడు. "ఊగబోతుంటే నీ పిర్రలకి తెలుస్తుంది. అప్పుడు."

నాలుగు రోజులకు ఎల్లాజీకి అది పట్టుబడింది. అయిదో రోజు అవతలి గట్టుకు ఎనిమిది నిమిషాల్లో వెళ్లాడు. ఇక చూడండి వాడి వైభోగం! రేవులో నడిచే తీరే మారిపోయింది. టీ తాగడానికి కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకునే వచ్చేవాడు. నాకైతే ఒళ్లు మండింది గానీ, లోపల ముచ్చటగానూ ఉంది.

"ఉస్తాదూ, ఇక నేర్చుకోవడానికేం మిగిలింది?" అన్నాడు.

"రేపు పొద్దున చూద్దాం" అన్నాడు దావూద్ సాయిబు.

పొద్దున్నే ఆయన ఎవరిదో పుట్టి అడిగి తెచ్చుకున్నాడు. లైఫ్ జాకెట్టు తొడుక్కుని, తెల్లటోపీ సర్దుకుని అందులో కూర్చున్నాడు.

"నేను రెండు కిలోమీటర్ల అవతల ఉంటా. మునిగిపోతున్న మనిషిని నేనే అనుకో. వచ్చి తీసుకెళ్లు."

ఎల్లాజీ నవ్వాడు. "ఉస్తాదూ, నువ్వు కళ్లు మూసి తెరిచేలోగా వస్తా!"

ఆయన నవ్వలేదు. తెడ్డేసుకుంటూ మెల్లగా వెళ్లిపోయాడు. చాలాసేపటికి దూరంగా ఆగి చెయ్యెత్తాడు.

నేను ఎల్లాజీ పక్కన కూర్చుని ఫోన్లో టైము పెట్టాను. వాడు నడుముకు ఎర్రతాడు తగిలించుకున్నాడు. డ్రైవరు నీళ్లలో పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. తర్వాత వేగం పెంచే పిడిని ముందుకు నెట్టాడు. తొంభై! బోటు ఇంత కూడా ఊగలేదు. నల్లటి చుక్క పుట్టి అయింది, పుట్టిలో టోపీ కనపడింది, గడ్డం కనపడింది. అబద్ధమెందుకు, నేనూ ఆ మురిపెంలోనే ఉన్నాను. వంద గజాల దూరంలో ఎల్లాజీ పిడిని ఒక్కసారిగా వెనక్కి లాగాడు. బోటు సరిగ్గా పుట్టికి పదడుగుల ఇవతల ఆగింది. అబ్బ, ఏం ఆపాడ్రా అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి అల వచ్చింది.

పరుగులో ఉన్నంతసేపు ఆ బోటు నీళ్లపైన తేలిపోతుంది, వెనక పెద్ద అలంటూ ఉండదు. ఒక్కసారిగా ఆపితే నీళ్లలోకి కూర్చుండిపోతుంది. అంతసేపూ వెనక లాక్కొచ్చిన నీళ్లన్నీ అప్పుడు లేచి ముందుకు దూకుతాయి. నా మోకాళ్ల దాకా నీళ్లు బోట్లోకి వచ్చి పడ్డాయి. అల మా కిందుగా దాటి పుట్టిని ఎత్తింది, గంప బోర్లించినట్టు బోర్లించేసింది. దావూద్ సాయిబు కనపడలేదు.

"ఉస్తాదూ!" అని అరిచి ఎల్లాజీ దూకేశాడు. ఎర్రతాడు ఊడి ఇంజను ఆగింది. వాడు రెండు చేతులతో పుట్టి అంచు పట్టి లేపాడు. దాని కింద ఇరుక్కుని ఉన్నాడు ముసలాయన, దగ్గుతూ. ఈదుకుంటూ బోటు దగ్గరికి తెచ్చాడు, ఇద్దరం కలిసి పైకి లాగాం. టోపీ ఎటో కొట్టుకుపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

"తప్పయిపోయింది ఉస్తాదూ, చంపేసేవాణ్ణి, తప్పయిపోయింది" అంటూ ఎల్లాజీ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

దావూద్ సాయిబు ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ఎంతసేపట్లో వచ్చాడు నర్సయ్యా?"

"నిమిషం ఇరవై సెకన్లు" అన్నాను.

"త్వరగానే వచ్చాడు."

కాసేపు ఊపిరి తీసుకుని ఎల్లాజీని చూశాడు.

"నేను వెళ్లేసరికి మీ అయ్య పుట్టి ఇంకా తిరగబడలేదు."

ఎల్లాజీకి అర్థం కాలేదు. "ఏ పుట్టి?"

"ఆ రోజు బోటు నడిపింది నేను. వానలో గట్టు మీద వాళ్లెవరూ నన్ను పోల్చుకోలేదు, అప్పటి రేవు మనుషులెవరూ ఇప్పుడు లేరు. నూకయ్య పుట్టిలోనే ఉన్నాడు, నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను మంచి ఊపులో వచ్చి, సరిగ్గా ఆయన పక్కన ఆపాను. ఇప్పుడు నువ్వు ఆపావే, అట్లా."

ఆయన బోర్లాపడ్డ పుట్టి వైపు చూశాడు.

"నేను వెళ్లేసరికే మునిగిపోయాడని రాసిచ్చాను. లేటైందని మీ వాళ్లు అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. నువ్వు నేర్పించమని వచ్చిన రోజు కూడా నోరు రాలేదు." ఆయన ఎల్లాజీ వైపు తిరిగాడు. "ఆ రోజు బోటు లేటుగా రాలేదు ఎల్లాజీ."

ఎల్లాజీ ఆయన జాకెట్టు కాలరు పట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ముసలాయన కదల్లేదు, వాడి చెయ్యి విడిపించుకోనూ లేదు. ఎంతసేపున్నాడో అట్లాగే, తర్వాత వాడే వదిలేశాడు. ముందుకు పోయి బోటు కొసన మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

నేను ఇంజను వైపు తిరిగి, మగ్గుతో నీళ్లు తోడటం మొదలుపెట్టాను. అంతకంటే నేను చెయ్యగలిగిందేముంది? వాడి వీపు ఎగిసెగిసి పడుతోంది. దావూద్ సాయిబు తడిబట్టలతో వణుకుతూ తల వంచుకుని కూర్చున్నాడు. సగం నీళ్లు తోడేశాను.

చివరికి ఎల్లాజీ లేచాడు. వంగి, తేలుతున్న తెడ్డునూ, కొట్టుకుపోతున్న పుట్టినీ దగ్గరికి లాక్కున్నాడు. పుట్టిని తిరగేసి, నీళ్లు వంపి, బోటు పక్కన పట్టుకున్నాడు. ఆయన వైపు చూడకుండానే అడిగాడు.

"ఎంత దూరంలో కూర్చోబెట్టాలి, బోటుని?"

దావూద్ సాయిబు లెక్కేం చెప్పలేదు. ఒక కాలు అవతలికి వేసి, వణుకుతూనే పుట్టిలోకి దిగాడు. తెడ్డు అందుకున్నాడు.

"మళ్లీ వెనక్కెళ్లి, నన్ను చూసుకుంటూ రా" అన్నాడు.

ఎల్లాజీ ఎర్రతాడు నడుముకు తగిలించుకుని ఇంజను వేశాడు. బోటును మెల్లగా, చాలా మెల్లగా, ఆ పుట్టి కదలకుండా రేవు వైపు తిప్పాడు.