పచ్చగా ఉన్న పాపానికి

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక సున్నపురాయి కొండ. ఆ కొండకు ఎండ తక్కువ పడే పక్కన, రెండు బండల సందులో ఒక పొద ఉండేది. చిన్న చిన్న గుండ్రటి ఆకులు, తోలులా మందంగా ఉండేవి. నోట్లో పెట్టుకుంటే ఒకటే చేదు. మేక కూడా ఉమ్మేసి పోయేది. ఏడాదంతా కష్టపడితే గోరంత పెరిగేది. కానీ వానాకాలం, చలికాలం, ఎండాకాలం, ఎప్పుడు చూసినా అదే పచ్చన. అందుకని అడవిలో అందరూ దాన్ని రాతిపచ్చ అని పిలిచేవాళ్ళు.

అంత మెత్తని మట్టి ఉన్న అడవిని వదిలేసి ఆ రాళ్ళ సందులో ఎందుకు పుట్టిందో, ఏం తాగి బతికేదో! తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. దానికి మాత్రం అక్కడే బాగుండేది. ఎవరి జోలికీ పోయేది కాదు.

ఒక ఏడాది ఎండలు బాగా ముదిరాయి. వాగు ఎండిపోయింది. మడుగు అడుగున మట్టి పెచ్చులు పెచ్చులుగా లేచింది. చెట్లన్నీ ఆకు రాల్చి కట్టెల్లా నిలబడ్డాయి. అంత ఎండిన అడవిలో రాతిపచ్చ ఒక్కటే పచ్చగా కనబడింది. దాని కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ముందు కౌజుపిట్ట వచ్చింది. పెద్దమ్మా, ఇంత పచ్చగా ఉన్నావంటే నీ కింద ఊట ఉన్నట్టేగా, కాస్త చూపించు అని అడిగింది. ఊట లేదు, ఏమీ లేదు అంది రాతిపచ్చ. పోయిన వానాకాలపు చెమ్మ రాతి సందులో కాస్త మిగిలి ఉంటుందనీ, దాన్నే రోజుకు ఇంత అని పొదుపుగా తాగుతాననీ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. మధ్యాహ్నం దాటాక అడవిపావురాలు తూర్పు లోయకు పోతున్నాయి, తిరిగి వచ్చేటప్పుడు వాటి కాళ్ళకు తడి మట్టి ఉంటోంది, నీళ్ళు అక్కడున్నాయి, అక్కడికి పో అంది. కౌజుపిట్ట అన్నిటికీ తల ఊపింది. ఊపి, పొద మొదట్లో కాళ్ళతో బరబరా గీకి మరీ పోయింది.

తర్వాత ముళ్ళపంది వచ్చింది. అదే ప్రశ్న. రాతిపచ్చ ఓపిక తెచ్చుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ముళ్ళపంది నవ్వింది. ఉన్నవాళ్ళు ఉందని ఎక్కడ చెప్తారులే అంది. ఒక పక్కన గొయ్యి తీసింది. రాయి తగిలి గోరు విరిగింది. ఊరికే పోయిందా? అడవంతా తిరిగి, ఆ రాతిపచ్చ బావి మీద కూర్చుని కూడా చుక్క నీళ్ళు పొయ్యడం లేదని చాటింపు వేసింది.

ఇక మూడోది, అడవిపంది ముట్టెమ్మ. వెంట ముగ్గురు పిల్లలు. ఆఖరి వాడు బుడిగాడు. వాడికి నాలుక పిడచగట్టుకు పోయింది. నాలుగు అడుగులు వేస్తాడు, కూలబడతాడు. సాయంత్రం లోపల వాడి గొంతులో తడి పడకపోతే బతకడని ముట్టెమ్మకు తెలుసు. అందుకే ఆ చాటింపు విని, ఎగబాక్కుంటూ కొండ ఎక్కి వచ్చింది.

"పెద్దమ్మా, నీళ్ళు ఎక్కడ దాచావు?" అని అడిగింది.

రాతిపచ్చకు విసుగొచ్చింది. రాదా మరి?

"అమ్మాయ్, నీ ముందు ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ చెప్పాను. చెప్పి చెప్పి నా ఆకులు వడిలిపోయేలా ఉన్నాయి. నా కింద నీళ్ళు లేవు. పిల్లల్ని ఈ నీడలో పడుకోబెట్టు. ఎండ కాస్త తగ్గగానే తూర్పు లోయకు నడువు."

"ఎంత దూరం?"

"కొండ దిగి, వాగు దాటి, ఇంకో గుట్ట ఎక్కి దిగాలి."

"నా బుడిగాడు అంత దూరం నడవలేడు. నువ్వు చూస్తే ఇక్కడే ఉన్నావు, పచ్చగా. నీళ్ళు లేకుండా ఎవరైనా పచ్చగా ఉంటారా?"

"తక్కువ తాగితే ఉంటారు."

ఆ మాట ముట్టెమ్మకు వెటకారంలా వినిపించింది. ఒళ్ళు మండిపోయింది. పిల్లల్ని పొద నీడలో పడుకోబెట్టింది. ఆ మాట ఒక్కటీ విన్నది. తర్వాత ముట్టె వంచి ఆ పొద మొదలే తవ్వడం మొదలుపెట్టింది. చూడండి పిల్లలూ, ఎవరి నీడలో బిడ్డల్ని పెట్టిందో వాళ్ళ కాళ్ళే నరుకుతోంది!

రాతిపచ్చ వద్దంటూనే ఉంది. ఒక వేరు తెగింది, వద్దంది. రాళ్ళు దొర్లాయి, వద్దంది. ఇంకో వేరు తెగింది. వింటేగా? పొద ఒక పక్కకు ఒరిగిపోయింది. నీడ సగానికి సగం తగ్గింది. పెద్దపిల్లలిద్దరి మీద ఎండ పడింది. వాళ్ళు కుయ్యిమంటూ తమ్ముడి పక్కకు జరిగారు. ముట్టెమ్మ తల ఎత్తలేదు.

చివరికి ముట్టెకు తెల్లని బండ తగిలింది. బండ నెర్రెలో జుట్టులాంటి సన్నని వేళ్ళ కుచ్చు ఒకటి ఉంది. దాని మీద చెమ్మ, నాలుక కొస తడిసేంత. ముట్టెమ్మ ఆత్రంగా నాకింది. అయిపోయింది. ఇంకా తవ్వుదామంటే కింద ఉన్నది రాయి.

"ఇంతేనా?" అంది.

"ఇంతే," అంది రాతిపచ్చ. "ఈ ఎండాకాలం గడవడానికి నేను దాచుకున్నది అదే. నువ్వు ఒక్క నాకుడుతో ముగించావు."

ముట్టెమ్మ బుడిగాడి వైపు చూసింది. వాడు కళ్ళు కూడా తెరవడం లేదు. తవ్వి తవ్వి తాను అలసిపోయింది. వాడిని ఎత్తుకుని గుట్ట దాటే బలం తనకు లేదు. అప్పుడు గట్టిగా ఏడ్చింది.

ఇంకెవరైనా అయితే నీకు కావలసిందే అనేవాళ్ళు. రాతిపచ్చకు అంత కోపంలోనూ పిల్లవాడు కనబడ్డాడు.

"ఏడుపు ఆపు. ఒంట్లో ఉన్న కాస్త నీళ్ళూ కళ్ళ వెంట పోగొట్టుకుంటావు. నువ్వు పందివే కదా? బురద కనబడితే ఏం చేస్తావు?"

"పొర్లుతాను."

"ఆ పొర్లేది బాగా పొర్లు. పెద్దవాళ్ళిద్దరినీ తీసుకుని ఇప్పుడే పో. వాడిని నా దగ్గర వదులు, మిగిలిన నీడ వాడికి సరిపోతుంది. ఒంటి నిండా బురద పట్టించుకుని, పొద్దు వాలేలోపు తిరిగి రా. ఈసారైనా చెప్పింది చెప్పినట్టు చెయ్యి తల్లీ."

ముట్టెమ్మ ఈసారి ఎదురు చెప్పలేదు. కొండ దిగింది, వాగు దాటింది, గుట్ట ఎక్కి దిగింది. లోయలో పావురాలు గుంపుగా వాలి ఉన్నాయి. వాటి మధ్య నీళ్ళు! ముట్టెమ్మ తాగింది, పిల్లలకు తాగించింది. చల్లని బురదలో పడగానే ఒళ్ళు హాయిగా వాలిపోయింది, లేవబుద్ధి కాలేదు. అయినా లేచింది. పిల్లలిద్దరినీ అక్కడే గట్టు నీడలో ఉండమని చెప్పి, ఒక్కతే పరుగు తీసింది.

కొండ ఎక్కేసరికి వీపు మీది బురద ఎండి రాలిపోతోంది. పొట్ట కింద మాత్రం ఇంకా తడి ఉంది. బుడిగాడి మూతి దగ్గర పొట్ట ఆనించి పడుకుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్న నాలుక ఒకటి బయటికి వచ్చింది. బురద నాకింది. మళ్ళీ నాకింది. వాడు కళ్ళు తెరిచాక, మిగిలిన బురదంతా ముట్టెమ్మ రాతిపచ్చ తెగిన వేళ్ళకు పూసింది. తవ్విపోసిన మట్టిని ముట్టెతో తిరిగి కప్పింది.

బుడిగాడు బతికాడు. రాతిపచ్చ కూడా బతికింది, కానీ వేళ్ళు తెగిన పక్క కొమ్మలన్నీ ఎండిపోయాయి. ఆ పక్క మళ్ళీ చిగురించడానికి బుడిగాడి మనవలు పుట్టాల్సి వచ్చింది.

ఆ ఎండాకాలం అయ్యేదాకా ముట్టెమ్మ లోయలో నీళ్ళు తాగించి, రోజూ మధ్యాహ్నం పిల్లల్ని ఆ పొద దగ్గరికే తెచ్చేది. ఉన్న నీడ ముగ్గురు పిల్లలకే చాలేది. ముట్టెమ్మ పక్కన ఎండలో నిలబడేది. వీపు కాలిపోతుంది, ఇటు జరుగు అని రాతిపచ్చ విసుక్కునేది. ముట్టెమ్మ జరిగేది కాదు. తాను జరిగితే ఒక పిల్ల ఎండలో పడుతుంది.

నీతి: ఎవరైనా పచ్చగా కనబడితే ఏదో దాచారనుకుని వాళ్ళ వేళ్ళు తవ్వకండి. ఎలా బతుకుతున్నారో వాళ్ళే చెప్తారు, ముందు అది వినండి.