అభయనంది చెప్పగా రాసిన పుస్తకం

ఎవరు ఏ సందేహం అడిగినా చెన్నవీరస్వామి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. మంజీర ఒడ్డున ఉన్న ఆ శైవమఠంలో శిష్యులందరికీ అది అలవాటైపోయింది.

ఒక ఏడాది వానలకు మఠం పైకప్పు కురిసింది. అటక ఖాళీ చేస్తుంటే బూజుపట్టిన తాళపత్రాల కట్ట ఒకటి బయటపడింది. మొదటి ఆకు చదివి శిష్యుడు మరుళయ్య నీరుగారిపోయాడు. అది జినస్తుతితో మొదలైన జైనుల పుస్తకం. మఠాన్ని స్థాపించిన నాగిదేవయ్య జైనులను వాదంలో ఓడించి, వాళ్ల పుస్తకాలన్నీ తగలబెట్టించాడని మఠచరిత్ర చెబుతుంది. ఏటా ఆయన ఆరాధననాడు ఆ చరిత్రను జనానికి చదివి వినిపించేది మరుళయ్యే. తల్లిలేని పిల్లవాడిగా మఠానికి చేరి, నాగిదేవయ్య గురువు కథలు వింటూ పెరిగినవాడు.

“కాల్చేశారన్న పుస్తకం మన అటక మీద ఎందుకుంది స్వామీ? మన చరిత్ర అబద్ధమా?” అని అడిగాడు.

స్వామి గిన్నెలో నిమ్మగడ్డి నూనె పోసి ఇచ్చారు. “ముందు శుభ్రం చెయ్యి. ఒక్క ఆకూ విరగకూడదు.”

మరుళయ్య మెత్తటి గుడ్డతో ఒక్కో ఆకూ తుడిచి, మసి పూసి, అక్షరాలు తేలాక చదువుతూ పోయాడు. శివుడు లోకకర్త కాడన్న వాక్యం దగ్గర అతని చెయ్యి ఆగింది. ఆ పక్కనే, అంచున, సన్నటి అక్షరాలు కనిపించాయి: “ఇది నాకు సమ్మతము గాదు. అయినను వారు చెప్పినట్టే వ్రాసితిని.”

చివర్లో రాసినవాడి పేరు దొరికింది. “చూపు పోయిన అభయనంది మునులు మా మఠమున నివసించుచు చెప్పగా, శివదాసుడు నాగిదేవయ్య వ్రాసినది. తప్పులున్నచో నావి. తక్కినది చెప్పకయే వారు కన్నుమూసిరి. తెలిసినవారు పూరింతురని ఆకులు విడిచితిని.”

ఆ తర్వాతి ఆకుల మీద గంటం గీత కూడా లేదు.

మరుళయ్య ఆ ఖాళీ ఆకులకూ నూనె రాశాడు. రాస్తూ రాస్తూ ఏడ్చాడు. ఇన్నేళ్లూ భయంతో మొక్కిన గురువు, చూపులేని ఒక ముసలి ముని పక్కన కూర్చుని “మళ్లీ ఒకసారి చెప్పండి” అని అడుగుతున్నట్టు అనిపించింది.

“ఆరాధననాడు ఏం చదవమంటారు?” అన్నాడు కళ్లు తుడుచుకుని.

స్వామి కట్టకు తాడు చుడుతూ, “నీకు తెలిసింది చదువు” అన్నారు.

ఆరాధననాడు మండపం నిండిపోయింది. పుస్తకాలు తగలబెట్టే ఘట్టం వచ్చింది. ఏటా జనం హరహర అనేది అక్కడే. మరుళయ్య దాన్ని చదవకుండా దాటేసి ముందుకు చదివాడు.

ముందు వరుసలో ఉన్న పటేలు స్వామివైపు వంగి, “మరుళయ్య మరిచిపోయినట్టున్నాడు స్వామీ” అన్నాడు.

“మరవలేదు పటేలా,” అన్నారు స్వామి. “ఈమధ్యే గురువుగారి చేతిరాత చూశాడు.”