గద్దముక్కు కొండ

ఈ చిక్కుడుకాయలు కాసేపు పక్కన పెట్టి ఒక ప్రశ్న అడుగుతాను, తొందరపడకుండా ఆలోచించి చెప్పండి పిల్లలూ. అందరూ కలిసి మంచుకొండ మీద జారే ఆటకి వెళ్ళాలి. ఒకడికి అది నడకంత సులువు. ఒకడికి మోకాళ్ళ నొప్పి. ఇంకొకడు మంచు చూడ్డమే మొదటిసారి. ఏ కొండకి తీసుకెళ్తారు?

చెప్పలేరు కదా? జిగ్మెత్ అనే సన్యాసి కూడా చెప్పలేకపోయాడు.

హిమాలయాల్లో ఒక బౌద్ధమఠం. అక్కడ మంచు పడితే దారులన్నీ మూసుకుపోతాయి. కింది ఇళ్ళకి మందులు చేర్చాలంటే కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచుమీద జారుతూ పోవాలి. ఇప్పుడు స్కీయింగ్ అంటున్నారే, అదే. చలికాలం మొదట్లో సన్యాసులంతా ఒక కొండకి వెళ్ళి అది సాధన చేస్తారు. ఆ ఏడు కొండ ఎంచే పని మఠం పెద్ద చోఫెల్ లామాగారు జిగ్మెత్‌కి ఇచ్చారు.

"అందరినీ క్షేమంగా దించితే చలికాలమంతా దారి చూపేది నువ్వే. లేకపోతే ఇంకొకరు" అన్నారు.

జిగ్మెత్ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మాట అది. అయినా, ఊరికే ఇచ్చి ఉంటారా అని అనుమానం. ఆ మఠంలో ఒక ఆనవాయితీ ఉంది. కొండ ఎంచినవాడు పైన ఎవరూ మిగల్లేదని చూసుకుని అందరికంటే చివర దిగాలి. మఠం మొత్తంలో వేగంగా జారేవాణ్ణి నేనైతే, నన్ను చివర నిలబెడతారా? నా వేగం కనపడకుండా చెయ్యాలని కాదూ, అనుకున్నాడు.

అందుకే పట్టుబట్టి గద్దముక్కు కొండని ఎంచాడు. నిట్టనిలువు వాలు. చివర దిగినా అందరి కళ్ళూ తనమీదే ఉంటాయి.

గెలెక్ అనే పెద్దాయన గొణిగాడు. "నా మోకాలు ఒప్పుకోదు నాయనా. పాలవాలు కొండకి పోదాం. అటు మెత్తని వాలుంది, వెనకవైపు నీకు కావలసినంత నిలువూ ఉంది."

"నిన్న భోజనం గంట మోగగానే పరిగెత్తింది ఏ మోకాలు, గెలెక్ అన్నా?"

అందరూ నవ్వారు. లామాగారు నవ్వలేదు. ఆ సాయంత్రం ఆయన గెలెక్ పక్కన కూర్చుని మోకాలికి నూనె రాయడం జిగ్మెత్ చూశాడు. ఇద్దరూ ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. తనని చూసి ఆపేశారు. ఇంకేం కావాలి? ఇద్దరూ కూడబలుక్కున్నారు అనుకున్నాడు. కొత్తగా చేరిన ఫుంత్సోగ్ భయంతో అన్నం మానేస్తే, అదీ వాళ్ళు నేర్పిన వేషమే అనుకున్నాడు.

మర్నాడు గద్దముక్కు ఎక్కారు. బాగా వచ్చినవాళ్ళు రివ్వున జారిపోయి, కిందనుంచి కేకలు వేస్తున్నారు. పైన నలుగురు మిగిలారు. జిగ్మెత్, గెలెక్, ఫుంత్సోగ్, లామాగారు.

లామాగారు వాలు అంచుదాకా వచ్చి, కిందకి చూసి, చెక్కలు విప్పేసి మంచులో చతికిలబడ్డారు.

"నాకు భయంగా ఉంది, జిగ్మెత్."

ఆయన వెనకే గెలెక్ కూర్చున్నాడు. ఫుంత్సోగ్ అప్పటికే కూర్చున్నాడు.

జిగ్మెత్ లామాగారి మొహంలోకి పరీక్షగా చూశాడు. నవ్వు దాచుకుంటున్నారా? ఏమీ తెలియలేదు.

"మీరు ఈ కొండల్లో పుట్టినవారు. మీకు భయమేమిటి? నటిస్తున్నారు."

"అలాగే అనుకో" అన్నారు లామాగారు. "ఎలా దించుతావు?"

కిందనుంచి కేకలు ఆగిపోయాయి. గాలి పెరుగుతోంది. వీళ్ళు దిగితే తప్ప తను దిగడానికి లేదు.

జిగ్మెత్ వంగి తన చెక్కలు విప్పాడు. మడమతో మంచుని పొడిచి ఒక మెట్టు చేశాడు. దానికింద ఇంకొకటి. లామాగారి చెయ్యి తన భుజంమీద వేసుకున్నాడు. ఆయన్ని పట్టుకుని గెలెక్, గెలెక్‌ని పట్టుకుని ఫుంత్సోగ్.

భుజంమీద ఆ చెయ్యి బరువుగా ఆనుకుంది. ఆ భయం నిజమో, నటనో, జిగ్మెత్ మళ్ళీ అడగలేదు.

కిందకి చేరేసరికి ఎండ శిఖరాలమీదికి వెళ్ళిపోయింది. లామాగారు బట్టలకి అంటిన మంచు దులుపుకున్నారు.

"రేపెక్కడికి పోదాం?"

గెలెక్ ఆయాసం తీరేదాకా ఆగి, జిగ్మెత్ అతని వైపు తిరిగాడు. "ఎక్కడికైతే నీ మోకాలు ఒప్పుకుంటుంది, గెలెక్ అన్నా?"

సరే, మీరు ఆలోచిస్తూ ఉండండి. నేను వెళ్ళి ఆ చిక్కుడుకాయలకి ఈనెలు తీసేస్తాను, సగం అలాగే ఉండిపోయాయి.